రేవు నుంచి రేవుకి: గోదావరి ఒడ్డును తీర్చిదిద్దేవాళ్లు తిరిగి చూడాల్సిన దారి

మొదటి రోజు: రాజమండ్రి

నది ఒడ్డు బాగుచేసే ప్రతి ప్లానులోనూ నీళ్లకి ఒకే నీలిగీత ఉంటుంది. డెల్టాలో దిగి చూస్తే ఆ గీత ఎక్కడా నిలబడదు. రాజమండ్రిలో నీటిమట్టం ధవళేశ్వరం బ్యారేజీ చేతిలో ఉంటుంది. యానాంలో చంద్రుడి చేతిలో, అంటే సముద్రపు పోటుపాట్ల చేతిలో ఉంటుంది. కాకినాడ ఉప్పుటేరులో చంద్రుడితో పాటు ఊరి మురుక్కాలవలకీ వాటా ఉంది. ఒకచోట చక్కగా కుదిరిన నమూనా ఇంకోచోట ఎందుకు చెడిపోతుందో ఈ దారి పొడుగునా వరసగా కనబడుతుంది. 2027 పుష్కరాల పేరుతో ఒడ్డు మీద పనులు జరిగే కాలం కాబట్టి చూసి తెలుసుకోవడానికి ఇది అదను.

బయల్దేరడానికి కార్తీకం నుంచి మాఘం దాకా బాగుంటుంది. వరద తీసినా గోడల మీద ఒండ్రు గీతలు ఇంకా చెరగవు. అమావాస్యకో పౌర్ణమికో మర్నాడు కాకినాడలో ఉండేలా లెక్క వేసుకుంటే పెద్ద పోటు కూడా కంటబడుతుంది. చేతిలో 30 మీటర్ల టేపు, తాపీమేస్త్రీల ట్యూబ్ లెవెలు, కాకినాడ పోటుపాట్ల పట్టిక, ఓ సుద్దముక్క ఉంటే చాలు.

పుష్కర్ ఘాట్‌కి తెల్లారకముందే చేరాలి. జనం లేనప్పుడే మెట్లు కొలవగలం. ఒక మెట్టు ఎత్తు 15 సెంటీమీటర్లు దాటితే పెద్దవాళ్లకి కష్టం. వెడల్పు 30కి తగ్గితే తడిచీరతో దిగే ఆడవాళ్లకి అపాయం. నీళ్లలో ఉండే చివరి నాలుగైదు మెట్లు మాత్రం 60 సెంటీమీటర్ల దాకా వెడల్పుండాలి, ఎందుకంటే అక్కడ జనం నిలబడరు, కూర్చుంటారు. పన్నెండు మెట్లకో చదును ఇవ్వాలి. ఆఖరి మెట్టు తరవాత మీటరున్నర వెడల్పున, మొల లోతు మించని అరుగు, దాని అంచున గొలుసు ఉండాలి. గొలుసు లేని ఘాట్‌లో ఆఖరి మెట్టు తరవాత ఎంత లోతో ఏ ఏడాదికా ఏడాది ఇసుక తేలుస్తుంది.

2015 జులై 14న, పుష్కరాల మొదటి రోజే, ఈ ఘాట్ దగ్గర తొక్కిసలాటలో 27 మంది చనిపోయారు. ఇలాంటి చోట మెట్ల అందం కంటే ముందు వేయాల్సింది జనం లెక్క. స్టేడియాలకి వాడే భద్రతా లెక్క ప్రకారం మీటరు వెడల్పున్న మెట్ల మీద నిమిషానికి 66 మంది, చదునుదారిలో 82 మంది నడవగలరు. అది పొడిమెట్ల మాట. తడిబట్టలతో, చంకన బిడ్డతో, చేతిలో ఇత్తడి చెంబుతో ఎక్కే జనానికి అందులో సగమే వేసుకోవాలి. అలా చూస్తే 10 మీటర్ల దారిలో నిమిషానికి 330 మంది. అదే దారిలో ఎదురు జనం వస్తే ఆ అంకె కూడా దక్కదు. అందుకే దిగే దారి, ఎక్కే దారి వేరువేరుగా ఉండాలి, రెండింటి మధ్య కనీసం 30 మీటర్ల ఎడం ఉండాలి. బయటికి పోయే దారి లోపలికి వచ్చే దారి కంటే వెడల్పుగా ఉండాలి. ఇనుప గేటు పెట్టి జనాన్ని ఆపి ఒక్కసారిగా తీయడం కంటే ప్రమాదకరమైన పద్ధతి లేదు. ఆపాల్సి వస్తే ఘాట్ మొగలో కాదు, ఊళ్లోనే నాలుగు కూడళ్ల దగ్గర ఆపాలి.

ఇక్కణ్ణుంచి ఒడ్డు వెంట కోటిలింగాల ఘాట్ దాకా నడవాలి. ఆ ఒక్క ఘాటే కిలోమీటరు పైచిలుకు. నడుస్తూ గమనించాల్సింది వరద గీతలు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఎగరేస్తారు. ఆ అంకెలు బ్యారేజీవి. మన ఘాట్ గోడ మీద అవి ఎక్కడికొస్తాయో ఏ పుస్తకంలోనూ ఉండదు. హెచ్చరిక ఇచ్చిన గంటలోనే మనిషిని పంపి గోడ మీద పెయింటు గీత గీయించుకోవాలి. రెండు మూడు వరదల గీతలు చేతికొస్తే డిజైన్ సగం పూర్తయినట్టే. మొదటి గీతకి దిగువన రాయి, గొలుసు, పడవ కట్టే రింగులు తప్ప ఇంకేమీ పెట్టకూడదు. మొదటికీ మూడోదానికీ నడుమ మునిగినా పాడవనివి పెట్టొచ్చు: రాతి అరుగులు, పైప్ స్తంభాలు, వరదకి ముందు బోల్టులు విప్పి తీసేసే బట్టలు మార్చుకునే గదులు. మూడో గీతకి పైన మాత్రమే కరెంటు పెట్టెలు, దుకాణాలు రావాలి. మరుగుదొడ్లు గట్టుకి ఊరివైపునే ఉండాలి, ఇందులో రాజీ లేదు. దీపస్తంభం అడుగున ఉండే చిన్న కరెంటు మూతని ఎవరూ పట్టించుకోరు. వరద ముందుగా దాన్నే పట్టుకుంటుంది. ఆ మూత 1986 ఆగస్టు వరద గీతకి ఎగువన ఉండాలి. ఆ ఏడు ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల దాకా వచ్చింది.

వరద తీశాక మెట్ల మీద జానెడు ఒండ్రు మిగులుతుంది. ఘాట్లు దెబ్బతినేది వరదలో కంటే దీన్ని తీసేటప్పుడే ఎక్కువ. నీరు ఒక్కో మెట్టు దిగుతుంటే దాని వెనకాలే పైమెట్టు నుంచి కిందికి పైపుతో కడుగుతూ రావాలి. అప్పుడు బురద నదిలోకే జారిపోతుంది. రెండు రోజులు ఆలస్యమైతే పైన పెచ్చు కట్టి, నెర్రెలిచ్చి, అడుగున మైనంలా పట్టేస్తుంది. తరవాత గునపాలతో కొట్టాలి, గునపం దెబ్బకి మెట్ల అంచులు ఊడతాయి. దీనికి మందు ముందే వేసుకోవాలి: గట్టు మీద ప్రతి 30 మీటర్లకి ఓ పంపు పాయింటు. పెద్ద ఖర్చేం కాదు. కానీ అంచనాల్లో తరచూ కొట్టేసే వరస కూడా ఇదే. రాయి ఎంపికలో పాలిష్ గ్రానైట్ వద్దు. తడిస్తే జారుతుంది, వైశాఖంలో పాదాలు కాలతాయి. లేతరంగు రాయికి గరుకు చెక్కుడు చాలు.

మధ్యాహ్నం హేవ్‌లాక్ వంతెన. 1900లో రైళ్లు మొదలయ్యాయి, 1997లో ఆగాయి. 56 స్పాన్లు, అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాలు, ఒక్కోటీ 150 అడుగులు. దీన్ని నడకదారిగా, తోటగా మార్చాలన్న ఆలోచన పాతదే. వంతెన మీద తోట అనగానే బరువు అడగాలి. అడుగు మందం తడిమట్టి చదరపు మీటరుకి సుమారు 550 కిలోలు తూగుతుంది. కిక్కిరిసిన జనం బరువుగా లెక్కల్లో తీసుకునేది 500 కిలోలు. రైలు మోసిన గడ్డరుకి ఇదెంత అనిపిస్తుంది, కానీ రివెట్ల చుట్టూ తినేసిన తుప్పుని కొలవకుండా ఆ మాట అనకూడదు. మట్టి తొట్లు స్తంభాల నెత్తిన మాత్రమే ఉంచి, స్పాన్ నడిమధ్యని ఖాళీగా వదలాలి. మట్టికి బదులు కోనసీమలో కావలసినంత దొరికే కొబ్బరిపొట్టు, ఇసుక, ఎరువు కలిపితే బరువు బాగా తగ్గుతుంది. రెండోది రెయిలింగు. 150 అడుగుల ఉక్కు 30 డిగ్రీల వేడి తేడాకి 16 మిల్లీమీటర్లు సాగుతుంది. రెయిలింగుని ప్రతి స్పాన్ దగ్గరా తెంపకుండా ఏకంగా బిగిస్తే ఎండాకాలంలో అది వంకర్లు పోతుంది, లేకపోతే బోల్టులు తెంచుకుంటుంది.

రెండో రోజు: ధవళేశ్వరం, కడియం

పొద్దున్నే కాటన్ మ్యూజియం చూసి బ్యారేజీ మీదికి వెళ్లాలి. పాత ఆనకట్ట పని 1847లో మొదలై 1852కి పూర్తయింది. ఇప్పుడున్నది ఆ తరవాత కట్టిన బ్యారేజీ: ధవళేశ్వరం, ర్యాలీ, మద్దూరు, విజ్జేశ్వరం భుజాల్లో కలిపి 175 గేట్లు. గేట్ల కంటే లాకుల దగ్గరే, అంటే కాలవలో నీటిమట్టం ఎక్కించి దించి పడవల్ని దాటించే తలుపుల దగ్గరే, ఎక్కువసేపు నిలబడటం మంచిది. కాటన్ కాలవలు సాగునీటికి మాత్రమే తవ్వినవి కావు, పడవదారులు కూడా. ధాన్యం, బెల్లం, కొబ్బరి లాకు తరవాత లాకు దాటి కాకినాడ చేరేవి. 2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న కాలవల్ని, గోదావరి, కృష్ణా నదుల్లో కొంత మేరనీ కలిపి నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. లాకు తలుపులు, గొలుసు చక్రాలు, పడవలాగే తాళ్లు ఒరిసి గాడిపడ్డ రాతి మూలలు డెల్టా నౌకాచరిత్రలో ఇంకా నిలబడి ఉన్న భాగాలు. వాటికి సున్నం కొట్టి పూలకుండీలు పెట్టడం సుందరీకరణ కాదు. ఒక్క లాకునైనా తలుపులు తెరుచుకుని మూసుకునేలా బాగుచేసి, ఆదివారాలు చిన్న పడవ దాటిస్తే జనానికి కాలవ ఎలా పనిచేస్తుందో అర్థమవుతుంది.

కాలవ ఒడ్డు ఊళ్లలో పని చేయాలంటే దొరికేది కాలవలు కట్టేసే వేసవి రోజులే. ఆ కొద్ది వారాల్లో పునాది, కాలిగోడ, అడుగు మెట్లు లేవాలి. టెండరు ఆలస్యమై నీళ్లు వదిలే వేళకి పునాది తవ్వకంలోనే ఉంటే ఆ ఏడు ఒడ్డే కోసుకుపోతుంది. ముందు ఏడాదిలోనే కాంక్రీటు దిమ్మెలు పోయించి గట్టున పేర్చుకున్నవాళ్లే గట్టెక్కుతారు.

కడియం నర్సరీలకి మధ్యాహ్నం చాలు. అక్కడ దొరకని మొక్క ఉండదు, చిక్కల్లా అక్కడే. కడియపులంకలో కళ్లకి నచ్చింది లారీలో ఎక్కించేస్తారు. ముందు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఏటిగట్టు మీద, దాని వాలు మీద చెట్టు నాటకూడదు. వేరు చచ్చి కుళ్లితే మట్టిలో గొట్టంలాంటి బొక్క మిగులుతుంది. వరద నీరు దానిలోంచి ఊరి, మట్టిని పట్టుకుపోయి, గట్టుకి గండి పెడుతుంది. వాలు మీద గడ్డి, వట్టివేరు మాత్రమే. చెట్లు గట్టు పాదానికి ఊరివైపు, కనీసం అయిదారు మీటర్ల అవతల. అక్కడ కానుగ, నేరేడు, మద్ది, వేప ఏవైనా బతుకుతాయి. ఉప్పుగాలి తగిలే ఊళ్లకి పొన్న, కానుగ, గంగరావి. రావి, మర్రి మెట్ల దగ్గర నాటితే పదేళ్లలో రాయి లేపుతాయి. పాతకాలం వాళ్లు వాటికి విడిగా రచ్చ కట్టింది ఊరికే కాదు. కోనోకార్పస్‌ని ఎంత చౌకగా ఇచ్చినా తేవద్దు. మొక్క ఆరడుగులు దాటాక, తొట్టిలో కనీసం ఓ వర్షాకాలం గడిచాక కొనాలి. నేలలోంచి తవ్వి, ఆ వారమే గోనె చుట్టి పంపిన చెట్టు నాటిన మూడో నెలకి ఎండిపోతుంది.

మూడో రోజు: యానాం, తాళ్లరేవు, కోరంగి

గోదావరి పాయ గౌతమి ఎడమ గట్టు వెంట కపిలేశ్వరపురం, కోటిపల్లి మీదుగా, ద్రాక్షారామం తగిలి యానాం చేరొచ్చు. కోటిపల్లి దాటాక నీటి తీరు మారుతుంది. ఒడ్డున రాళ్ల మీద పచ్చటి పాచిపట్టీ కనిపిస్తే అది పోటుకీ పాటుకీ మధ్య జాగా. ఈ తీరంలో ఆ తేడా పెద్ద పోటు రోజున కూడా మీటరున్నర లోపే. చిన్నదే కదా అని ఆ పట్టీలో మెట్లు కడితే రోజుకి రెండుసార్లు తడిసి, రెండుసార్లు ఆరి, నిత్యం జారుతూ ఉంటాయి.

యానాం ఒడ్డున నడకదారి, విగ్రహాలు, సాయంత్రం గాలికి వచ్చే జనం చూస్తే ఊరు నదివైపు తిరిగి కూర్చున్నట్టుంటుంది. డెల్టాలో చాలా ఊళ్లు నదికి వీపు పెట్టాయి కాబట్టి ఇది మెచ్చుకోదగ్గదే. ఇలాంటి ఒడ్డుకి జతగా ఉండాల్సింది పడవని పైకి లాగే వాలు. నాటుపడవలకి ఎనిమిదికి ఒకటి వాలు సరిపోతుంది, అంటే ఎనిమిది మీటర్లు నడిస్తే మీటరు దిగాలి. వెడల్పు ఆరు మీటర్లు. కింది అంచు పాటునీటికి కనీసం అర మీటరు లోపల ఉండాలి, లేకపోతే పాటు వేళ పడవ బురదలో దిగబడుతుంది. ఉపరితలం మీద అడ్డంగా వేలు మందం గాడులు తీయాలి, పైన లాగుడు తాడుకి రెండు కొయ్యలు పాతాలి. వాలుకి ఇరుపక్కలా మాత్రమే రెయిలింగు.

తాళ్లరేవు దగ్గర చెక్క పడవలు కట్టే చోట్లు ఇంకా ఉన్నాయి. కోరంగి ఓడలు కట్టిన తీరం ఇది. వంకీలకి, అంటే పడవ పక్కటెముకలకి, నల్లతుమ్మ వాడతారు. చెట్టులోనే వంపు తిరిగిన కొమ్మని ఏరుకుంటారు, తిన్నటి కర్రని కోసి వంపు చేస్తే నార తెగి బలం పోతుంది. పలకల సందుల్లో దూది కూరి, గుగ్గిలం నూనెతో మరిగించి పూస్తారు. సుత్తి, ఉలి తిరిగినకొద్దీ దూది సందులోకి అంగుళం అంగుళంగా దిగుతుంది. చాలు అనిపించాక కూడా ఇంకో వరస కొడతారు. ఫైబర్ పడవలొచ్చి ఈ పని తగ్గింది. వారసత్వం పేరుతో చేయదగ్గ మొదటి పని ఈ ఒడ్డుని పనివాళ్లకి స్థిరంగా రాసివ్వడం. చూడొచ్చేవాళ్లకి పడవ దిగే దారికి పక్కగా ఓ నీడపట్టు అరుగు వేస్తే చాలు. కొత్త పడవని నీళ్లలోకి దింపేది పెద్ద పోటు మీదే కాబట్టి, ఏటేటా ఆ తేదీలు ముందే తెలుస్తాయి.

ఇక్కడే ఇంకో మాట. పాత చెక్కపడవని తెచ్చి కూడలిలో సిమెంటు దిమ్మెల మీద కూర్చోబెట్టడం మన మున్సిపాలిటీలకి ఇష్టమైన అలవాటు. రెండు దిమ్మెల మీద నిలిపిన పడవ నడుం వంగుతుంది, ఎండకి పలకలు కుంచించి సందులు విచ్చుకుంటాయి, వాన పొట్టలో నిలిచి కుళ్లుతుంది. అడుగు దూలం కింద ప్రతి మీటరున్నరకీ ఆసరా, అన్నిటికంటే పల్లంలో ఓ నీటి రంధ్రం, పైన కప్పు, నాలుగువైపులా గాలి, ఏడాదికోసారి నూనె పూత. ఇంత చేయలేకపోతే ఆ పడవని నీళ్లలోనే వదిలేయడం మేలు.

కోరంగిలో రేవు లేదు, పేరే మిగిలింది. 1789లో ఒకసారి, 1839 నవంబరులో మరోసారి తుపాను ఉప్పెన ఊరిని ముంచేసింది. తరవాత ఏరు పూడింది, ఓడలు కాకినాడకి మళ్లాయి. బర్మాలో తెలుగువాళ్లందరినీ కోరంగీలనే పిలిచారంటే ఈ రేవు నుంచి ఎంతమంది సముద్రం దాటారో ఊహించుకోవచ్చు. ఈ కథని చెప్పే గుర్తు ఇక్కడ పెట్టాలంటే శిలాఫలకం కంటే ఎత్తుగా ఓ స్తంభం నాటి, దాని మీద ఉప్పెన ఎత్తు చూపే గీత గీస్తే బాగా ఎక్కుతుంది.

సాయంత్రానికి మడ అడవి. 1978లో అభయారణ్యంగా ప్రకటించారు, విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైన. చెక్కబాట మీద మెల్లగా నడుస్తూ కింద చూడాలి. మడచెట్టు చుట్టూ బురదలోంచి పెన్సిళ్లంత వేళ్లు వందలకొద్దీ పైకి లేచి ఉంటాయి. చెట్టు ఊపిరి తీసుకునేది వాటితోనే. కొత్త బాట వేసేటప్పుడు స్తంభాల గుంతల్లోంచి తీసిన మట్టిని పక్కనే పోస్తే ఆ వేళ్లు పూడి, బాట తెరిచేలోపే చెట్టు ఎండుతుంది. తవ్విన మట్టి పడవలో బయటికి పోవాల్సిందే. బాట పలకల మధ్య 10 మిల్లీమీటర్ల సందు, పెద్ద పోటుకి రెండడుగుల ఎత్తు, స్తంభాలకి నీరు ఎక్కిదిగే చోట ప్రత్యేకమైన తొడుగు ఉండాలి. కర్ర కుళ్లేది అక్కడే.

మడ నాటడం మీద అపోహలు చాలా ఉన్నాయి. ఖాళీ బురద కనిపించిన చోటల్లా విద్యార్థుల చేత మొక్కలు గుచ్చిస్తారు, ఆరు నెలలకి ఒక్కటీ మిగలదు. మడ పెరిగేది సగటు సముద్రమట్టానికి పైన, పెద్ద పోటుకి కింద ఉన్న జాగాలో. అంతకంటే పల్లంలో నాటితే మొక్క మునిగి చస్తుంది. సరైన ఎత్తులోనే ఉన్నా అడవిని నరికేసిన చోటైతే జబ్బు వేరే. చెట్లు పోయాక నేల కుంగి తొట్టిలా అవుతుంది, లోపలికొచ్చిన నీరు బయటికి పోక ఎండకి ఆవిరై ఉప్పు పేరుతుంది. అక్కడ ముందు తవ్వాల్సింది కాలవలు: నడుమ ఒక పెద్ద కాలవ, దానికి ఇరువైపులా చేపముల్లు ఆకారంలో ఏటవాలుగా పిల్లకాలవలు, పైన వెడల్పు, అడుగున ఇరుకు. పోటునీరు ఎక్కి దిగడం మొదలైతే ఉప్పు కడిగేస్తుంది, చాలాచోట్ల విత్తనం అదే కొట్టుకొచ్చి మొలుస్తుంది. కాలవలు రెండు మూడేళ్లకోసారి పూడిక తీయకపోతే కథ మళ్లీ మొదటికొస్తుంది.

నాలుగో రోజు: కాకినాడ

చొల్లంగి దాటి ఊళ్లోకి వచ్చేది జగన్నాథపురం వైపు నుంచే. ఆ ఒడ్డు 1825 దాకా డచ్చివాళ్లది. 1861–65 అమెరికా అంతర్యుద్ధం రోజుల్లో పత్తి ఎగుమతితో కాకినాడ రేవు ఊపందుకుంది. దీనికి సముద్రం చేసిన సాయం ఒకటుంది. గోదావరి తెచ్చిన ఇసుకని అలలు పేర్చి ఉత్తరానికి సాగదీసిన హోప్ ఐలాండ్ అఖాతానికి అడ్డుగోడ అయింది. ఓడలు దూరంగా లంగరేస్తే బార్జీలు సరుకు మోసుకెళ్లే పద్ధతి ఇప్పటికీ సాగుతోంది. లోతు రేవు 1997లో వచ్చాక కూడా ఆ పాత పద్ధతి పోలేదు. ఊరి నడుమ ఉప్పుటేరులో వరసగా కట్టిన బార్జీలు, బోట్లు, కుంభాభిషేకం రేవులో చేపల వేలంపాట, ఏటిమొగలో వలలు అల్లే వీధులు, ఇదంతా బతికున్న నౌకాచరిత్ర. కాబట్టి ఇక్కడ ప్లాను గీసేవాళ్లకి మొదటి షరతు: ఏ పడవనీ కదపకూడదు.

ఉప్పుటేటి ఒడ్డుని నీటి నుంచి ఊరివైపు ఇలా విడగొడితే కుదురుతుంది. ముందు ఆరు మీటర్లు పనిగట్టు, ఐసు రిక్షాలు, చేపల గంపలు, వలలు ఆరేసుకోవడం దాని మీదే. తరవాత 45 సెంటీమీటర్ల ఎత్తు రాతి అరుగు, ఇది కూర్చోవడానికీ, నడిచేవాళ్లకీ పనివాళ్లకీ మధ్య గీతకీ పనికొస్తుంది. దాని వెనక నాలుగు మీటర్ల నడకబాట. ఆపైన ప్రతి ఎనిమిది మీటర్లకీ మీటరున్నర చదరపు గుంతలో ఒక చెట్టు. ఆ తరవాతే రోడ్డు. నీటి అంచున రెయిలింగు వేస్తే నెల తిరక్కుండా బోటువాళ్లు హాక్సా బ్లేడుతో కోసేస్తారు, న్యాయం వాళ్ల వైపే. అంచున కావలసింది కాలికి తగిలే ఆరంగుళాల దిమ్మె, ప్రతి అయిదు మీటర్లకీ కట్టుడు రింగు, ప్రతి 30 మీటర్లకీ గోడలోకి చెక్కిన నిచ్చెన. రింగులు రెండు ఎత్తుల్లో ఉండాలి. ఒకే ఎత్తులో పెడితే పాటు వేళ తాడు బిగిసి పడవ ఒరుగుతుంది. దీపాల వెలుగు నేల మీదే పడేలా టోపీలుండాలి. నీటి మీదికి కొట్టే తెల్లటి ఫ్లడ్‌లైటు రాత్రి లోపలికొచ్చే బోటు నడిపేవాడి కళ్లని మూసేస్తుంది.

కాంక్రీటు సంగతి విడిగా చెప్పాలి. పోటుపాట్ల మధ్య ఉండే కాంక్రీటుకి ఐఎస్ 456 అనే భారతీయ ప్రమాణం ప్రకారం ఎం 40 రకం, ఇనుము మీద 75 మిల్లీమీటర్ల కవరు, అంటే ఇనుముని కప్పే కాంక్రీటు మందం, కావాలి. ఇనుప కొలిమి చిట్టెం కలిపిన స్లాగు సిమెంటు మేలు. పాడయ్యేది మాత్రం కాగితం మీద కాదు. మంచినీళ్ల ట్యాంకరు రాని రోజున క్యూరింగుకి, అంటే కాంక్రీటుని తడుపుతూ ఉంచడానికి, ఉప్పుటేటి నీళ్లే బకెట్లతో పోస్తారు. కవరు దిమ్మెలకి బదులు కంకరరాళ్లు పెడతారు. నాలుగేళ్లకి సన్నటి తుప్పుగీత, ఆరేళ్లకి పెచ్చులు. పని జరిగేటప్పుడు రోజుకొకసారి క్యూరింగు నీళ్లు నాలుకకి తగిలించి చూసే మనిషి ఉన్నా చాలు. జింకు పూత వేసిన ఇనుప (జీఐ) రెయిలింగులో ముందు పోయేవి బోల్టులు. వాటినైనా స్టెయిన్‌లెస్ వాడితే విప్పి మార్చుకోవచ్చు.

మురుక్కాలవలు అసలు చిక్కు. పెద్ద పోటుకి ఉప్పుటేరు పొంగినప్పుడు మురుగు వెనక్కి తన్ని వీధుల్లోకొస్తుంది. ఆ రోజున వర్షం కూడా పడితే ఇళ్లలోకే. కాలవ మొగలో తనంతట మూసుకునే తలుపు పెడతారు, వారంలో దాని సందులో ప్లాస్టిక్ సంచి ఇరుక్కుని అది తెరిచే ఉండిపోతుంది. తలుపుకి పది మీటర్ల ఎగువన కమ్మీల జాలి, పూడిక గది, దాని దాకా జేసీబీ వచ్చే దారి, ఈ మూడూ ఉంటేనే ఆ తలుపుకి విలువ. జాలి తీసేది ఏ విభాగమో అగ్రిమెంటులో రాసుకోకుండా పార్కు ప్రారంభిస్తే, మొదటి వేసవికే ముక్కు మూసుకుని నడిచే నడకబాట అవుతుంది.

అనుమతుల దగ్గర తొందర పనికిరాదు. 2019 తీరప్రాంత నోటిఫికేషన్ ప్రకారం పోటు ఎక్కే ఏరుల పక్కన ఎంత మేర ఆంక్షలో, వెయ్యి చదరపు మీటర్లు దాటిన మడకి చుట్టూ 50 మీటర్ల జాగా ఎక్కడ వదలాలో ముందు మ్యాపు మీద గీయించుకోవాలి. ఉప్పుటేటి దక్షిణం ఒడ్డున మడ ఉన్నచోట చెక్కబాట వేయొచ్చు, గోడ కట్టకూడదు.

సాయంత్రం బీచి దాటి ఉప్పాడ వెళ్లాలి. గోడ కట్టాక సముద్రం ఏం చేస్తుందో కళ్లారా చూడటానికి అంతకంటే మంచి చోటు ఈ తీరంలో లేదు. హోప్ ఐలాండ్ అఖాతాన్ని కాచినట్టే, ఉత్తరానికి పోవాల్సిన ఇసుకని కూడా పట్టేస్తుంది. రేవు కట్టడాలు మరికొంత ఆపుతాయి. ఇసుక అందని ఉప్పాడ తీరం కోసుకుపోతోంది. ఇసుక నింపిన జియోట్యూబులు, అంటే గట్టి గుడ్డతో కుట్టిన పెద్ద గొట్టపు సంచులు, పేర్చి గోడ కట్టారు. సంచి చిరిగిందంటే లోపలి ఇసుక ఒక్క తుపానుకే పోతుంది, పాదం కింద కోత పడితే ట్యూబు ముందుకి దొర్లుతుంది. రాళ్లు పోసినా అదే వరస: గోడ చివర్ల దగ్గర కోత మరింత పెరుగుతుంది. కాకినాడ వైపు బీచికి ఏ జెట్టీ గీసినా, అది ఉత్తరానికి ఎంత ఇసుక ఆపుతుందో ముందు లెక్క చూపించాలి.

అయిదో రోజు: అంతర్వేది, నర్సాపురం

యానాం–ఎదుర్లంక వంతెన దాటి అమలాపురం, రాజోలు మీదుగా అంతర్వేది. సాగర సంగమం దగ్గర గోదావరి పాయ వశిష్ఠ మొగ ఏటేటా పక్కకి జరుగుతుంది. అక్కడ శాశ్వతమైన ఘాట్ కట్టడం డబ్బు ఇసుకలో పోయడమే. నరసింహస్వామి కల్యాణానికి వచ్చే జనానికి సరుగుడు కర్రలు పాతి, తాటిచాపలు కప్పి, జాతర అయ్యాక విప్పేసే ఏర్పాటే నిలుస్తుంది. దుకాణాలు, దీపాలు గుడి వైపు ఎత్తునేల మీద ఉంటే చాలు. లైట్‌హౌసుని, పల్లిపాలేన్ని కలుపుతూ ఇసుక మీద పలకల బాట వేయొచ్చు, ఇసుక జరిగితే పలకలూ జరుపుకోవచ్చు.

తిరిగి సఖినేటిపల్లి వచ్చి, మనుషుల్నీ బళ్లనీ ఏరు దాటించే పంటు మీద నర్సాపురం. అటు ఒడ్డు దిగాక మాధవాయపాలెం దగ్గర్లోనే. పదిహేడో శతాబ్దంలో ఇక్కడ యూరోపియన్లకి సైతం ఓడలు కట్టి ఇచ్చేవాళ్లు, ఇక్కడి బట్ట ఊరిపేరుతోనే ఇంగ్లండు దాకా అమ్ముడుపోయింది. ఆ సంగతి చెప్పే బోర్డు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకి జవాబు పంటు రేవే. జనం పావుగంట నిలబడి ఎదురుచూసే చోటు అది, చదివే తీరిక అక్కడే ఉంటుంది. ఆ బోర్డుతో పాటు నీడ, తాగునీరు, మరుగుదొడ్డి ఉండాలి.

పంటు రేవుకి వాలు పదికి ఒకటి మించకూడదు, లేకపోతే మోటారు సైకిళ్లు తడివాలు మీద జారతాయి. పోటుకీ పాటుకీ పంటు ఆగే చోటు మారుతుంది కాబట్టి ఒకే వాలు సరిపోదు. ఒకదాని పక్కన ఒకటి, అర మీటరు ఎత్తు తేడాతో రెండు వాలులు వేసి, మధ్య గోడకి నీటిమట్టం అంకెలు పెద్దగా రాయాలి. పాచి గీకడానికి అమావాస్యకీ పౌర్ణమికీ పాటు వేళ ఇద్దరు మనుషులు, గట్టి తీగ చీపుళ్లు, రెండు గంటలు. ఈ ఖర్చుని రేవు వేలంపాట షరతుల్లోనే రాయించాలి.